ఆర్సీ ఎవరి పేరున ఉంది?

(నెల్లూరు జిల్లా తీర గ్రామాల్లో పనిచేస్తున్న మహిళా కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీలు - ఆస్తి హక్కులు అనే అంశం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. ఆస్తి అనగానే మనకు భూమి, ఇల్లు, బంగారం గుర్తుకొస్తాయి. మన కరపత్రాలు కూడా వాటి చుట్టూనే తిరుగుతాయి. ఈ రోజు వాటి జోలికి పోకుండా, నేనొక పాత బుల్లెట్ మోటార్ సైకిలు కొన్న సంగతి చెప్తాను. అమ్మింది విడవలూరు వైపు ఒక ఊళ్ళో, రొయ్యల షెడ్డులో తలలు తీసే పనిచేసే ఒకామె. బేరం మొదలైన నాటి నుంచి బండి నా చేతికి వచ్చేదాకా ఎనిమిది నెలలు పట్టింది. మామూలుగా అయితే అది అరగంటలో తేలిపోయే వ్యవహారం. నిజానికి ఆ మొదటి అరగంటలో తేలిపోయింది కూడా. అది ఎలా తేలింది, ఎందుకు తప్పయింది అన్నదే నేను చెప్పదల్చుకున్నది.

ముందు నా సంగతి చెప్పాలి. కావలి దగ్గర తుమ్మలపెంట నుంచి కిందికి మైపాడు, కోడూరు, కృష్ణపట్నం దాకా ఉన్న ఊళ్ళలో పదేళ్ళకు పైగా స్త్రీల శ్రమ మీద పరిశోధన చేస్తున్నాను. అందులో మొదటి ఆరేళ్ళు ఎవరో ఒక మగవాడి బండి వెనక కూర్చునే తిరిగాను. ఒకరోజు స్వచ్ఛంద సంస్థ కార్యకర్త, ఒకరోజు రొయ్యల మేత ఏజెంటు, ఒకరోజు సర్పంచి గారి తమ్ముడు. పరిశోధన పద్ధతుల గురించి మా సోషియాలజీ పుస్తకాలు చాలా చెప్తాయి. ఇంటర్వ్యూకి నిన్ను ఎవరు తీసుకొచ్చి దింపారు అని మాత్రం నేను చదివిన ఏ పుస్తకమూ అడగలేదు. మేత ఏజెంటు బండి దిగిన మనిషితో షెడ్డులో ఆడవాళ్ళు కూలి రేట్ల గురించి నిజం చెప్తారా? నా పాత నోటుపుస్తకాలు తిరగేసి చూసుకుంటే, నేను వెళ్ళిన ఊళ్ళన్నీ ఆ మగవాళ్ళకు పనులున్న ఊళ్ళే. బకింగ్‌హామ్ కాలువ దాటి సముద్రం ఒడ్డున ఉన్న పాళేలు అందులో దాదాపు లేవు. తెల్లవారుజామున నాలుగింటికి మొదలయ్యే షెడ్డు పని గురించి నేను రాసిందంతా పదింటి తర్వాత చూసిందే. ఎందుకంటే షేర్ ఆటోలు ఏడింటికి గానీ కదలవు, నన్ను ఎక్కించుకునే మగవాళ్ళు తొమ్మిదింటికి గానీ బయల్దేరరు. నా శాంపిలు నేనే ఎంపిక చేసుకున్నానని థీసిస్‌లో రాసుకున్నాను. ఎంపిక చేసింది వాళ్ళ బండ్లు.

ఇది నా ఒక్కదాని సమస్య కాదు. ఇక్కడ కూర్చున్న మనలో ఎంతమందికి సంస్థ జీపు తాళం చెవి చేతికి వస్తుంది? 1992లో దూబగుంటలో సారా వ్యతిరేక ఉద్యమం మొదలైనప్పుడు ఈ జిల్లా ఆడవాళ్ళు ఊళ్ళోకి సారా తెచ్చే వాహనాలను అడ్డగించారు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. వాహనం మీద వచ్చిన శత్రువును కాళ్ళ మీద నిలబడి ఆపారు. ఆ ఉద్యమం వెనక అక్షరాస్యతా తరగతులున్నాయని మనందరికీ తెలుసు. అదే కాలంలో, అదే అక్షరాస్యతా కార్యక్రమంలో భాగంగా, తమిళనాడులోని పుదుక్కోట్టైలో వేలాదిమంది పేద స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. అక్కడ పలకతో పాటు సైకిలు కూడా చదువులో భాగమైంది. మన దగ్గర సైకిలు అంత పెద్ద విషయం ఎందుకు కాలేదో ఎవరైనా కూర్చుని ఆలోచించాలి.

మరి స్కూటీ కొనుక్కోవచ్చుగా, బుల్లెట్ ఎందుకు అని చాలామంది అడిగారు. నిజం చెప్పాలంటే మొదటి కారణం కోరిక. మా నాన్నకు బుల్లెట్ ఉండేది. మా అన్నయ్య పదిహేనో ఏటే దాన్ని నడిపాడు. నేను ఆదివారం ఆదివారం దాన్ని తుడిచాను. 2021లో ఊరూరా పెళ్ళిళ్ళలో మోగిన బుల్లెట్టు బండి పాట మీకు తెలుసు కదా, అందులోనూ పెళ్ళికూతురు ఎదురుచూసేది వెనక సీటు కోసమే. రెండో కారణం కాస్త బుద్ధిగా ఆలోచించి చేసుకున్నది. ఆ పాత ఇనుప ఇంజిన్ బుల్లెట్‌లో జరిగేదంతా కంటికి కనబడుతుంది, చేతికి అందుతుంది. 1955లో మద్రాసులో మొదలైన బండి. 346 సీసీ, ఒకటే సిలిండరు. ఇంచుమించు అదే ఇంజిను అర్ధశతాబ్దం పైన నడిచింది. సామాన్లు మద్రాసు నుంచి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి నెల్లూరులో ఉంటాయి. గంటకు అరవై కిలోమీటర్ల మీద పెట్టి వదిలేస్తే రోజంతా అలసిపోకుండా పోతుంది, కాబట్టి దూరాలకు పనికొస్తుంది. అయితే దీన్ని అందరూ కొనుక్కోమని నేను చెప్పడం లేదు. నూట అరవై కిలోల పైచిలుకు బరువు. ఇసకలో ఒరిగితే ఇద్దరు పట్టాలి.

ఇంకొక ఇబ్బంది, నా దగ్గరున్నది గేర్లు లేని బండికి ఇచ్చే లైసెన్సు. చట్టంలో గేర్లున్న మోటార్ సైకిలు, గేర్లు లేని మోటార్ సైకిలు అని రెండు రకాలున్నాయి గానీ, ఆడవాళ్ళకొకటి మగవాళ్ళకొకటి అని ఎక్కడా లేదు. డ్రైవింగ్ స్కూలువాళ్ళు అమ్మాయి కనిపిస్తే అడక్కుండానే రెండోదాని కింద రాసేస్తారు. నాకూ ఇరవయ్యో ఏట అలాగే రాసేశారు. నలభై దాటాక మళ్ళీ టెస్టుకు వెళ్ళి, పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళ మధ్య ఎనిమిది అంకె వేసి, గేర్ల లైసెన్సు తెచ్చుకున్నాను.

2022 చివర్లో నెల్లూరు నుంచి ఒక మెకానిక్ ఫోన్ చేశాడు. ఆయన్ని అందరూ భాయ్ అనే పిలుస్తారు. నలభై ఏళ్ళుగా బుల్లెట్లు తప్ప ఇంకో బండి ముట్టుకోలేదు. "96 మోడలు ఒకటుంది మేడమ్. మనిషి పోయి రెండేళ్ళయింది. ఇంట్లోవాళ్ళు అమ్ముతారంట, పోయి చూద్దాం రండి" అన్నాడు.

బండి రేకుల పంచలో టార్పాలిను కింద ఉంది. సముద్రపు గాలి తగిలే ఊళ్ళో బండి కొనేటప్పుడు చూడాల్సింది పైన మెరుపు కాదు. మడ్‌గార్డు కింద చెయ్యి పెట్టి తడమాలి. చువ్వలు రిమ్ములో దిగే చోట, సైలెన్సరు అడుగున, టాంకు లోపల చూడాలి. ఉప్పు అక్కడ తింటుంది. ఇంజిను నంబరు, చాసిస్ నంబరు ఒక గుడ్డతో తుడిచి కాగితం మీద రాసుకోవాలి. భాయ్ ఇంజిన్‌లో నూనె చూశాడు. నల్లగా ఉండాల్సింది మజ్జిగలాగా ఉంది. "నీళ్ళు పోయినయ్" అన్నాడు. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి. ఆ వరద నీళ్ళు ఈ పంచలోకీ వచ్చి రెండు రోజులు నిలిచాయట. ఇదంతా బేరంలో పనికొచ్చే విషయమే అని నేను లోపల సంతోషించాను, ఒప్పుకుంటున్నాను.

బేరం ఎవరితో ఆడాను? వాకిట్లో కుర్చీ వేసి, టీ తెప్పించి, నాతో మాట్లాడింది చనిపోయినాయన తమ్ముడు. చక్కగా మాట్లాడాడు. అరవై అన్నాడు, నేను నూనె సంగతి ఎత్తాను, నలభై అయిదు వేలకు కుదిరింది. అయిదు వేలు బయానా తీసి ఆయన చేతిలో పెట్టాను. ఈ సేపంతా ఒక స్త్రీ గడపలో నిలబడి ఉంది. నేను ఆమెను చూశాను, పలకరింపుగా నవ్వాను కూడా. స్త్రీల శ్రమ మీద డాక్టరేటు చేసిన మనిషిని, ఆ ఇంట్లో ఆస్తి ఎవరిదో ఒక్క మాట అడగలేదు.

ఆర్సీ అడిగితే ఆమే లోపలికి వెళ్ళి ఇనప్పెట్టెలోంచి తెచ్చింది. చనిపోయినాయన పేరున ఉంది. అమ్మకం కాగితాలు 29, 30 నంబర్ల ఫారాల మీద సంతకం ఎవరు పెడతారని అడిగాను. "దానికేముంది మేడమ్, మా అన్న సంతకం నాకొచ్చు. రెండేళ్ళ కిందటి తేదీ వేసుకుందాం" అన్నాడు మరిది. ఇందులో ఆయన్ని ప్రత్యేకంగా తప్పుపట్టడానికి లేదు. పాత బండ్ల వ్యాపారంలో సగం ఇలాగే నడుస్తుంది. ఖాళీ ఫారాల మీద సంతకాలతో చేతులు మారుతుంటాయి. ఒక క్షణం నాకూ అది తేలిగ్గానే అనిపించింది.

అప్పుడు గడపలోంచి ఆమె అంది: "ఆ బండి మా నాయిన కొనిచ్చింది."

2004లో ఆమె పెళ్ళి. వాళ్ళ నాయన రొయ్యల గుంటల మీద కాపలాకు ఉండి, తర్వాత ఒక గుంట కౌలుకు తీసుకున్నాడు. ఆ ఏడు పంట చేతికొచ్చింది. పెళ్ళికొడుకు బుల్లెట్టే కావాలన్నాడు. కొత్తది కొనే తాహతు లేక ఎనిమిదేళ్ళు వాడిన బండి కొని, రంగు వేయించి, పూలదండ వేసి పందిట్లో పెట్టాడు. మరుసటి ఏడు గుంటకు వైరస్ తగిలింది. ఆ అప్పు తీరడానికి ఇంకో ఆరేళ్ళు పట్టింది. ఆర్సీ అల్లుడి పేరున రాయించారు. ఎవరూ చర్చించలేదు, ఎవరికీ వేరే ఆలోచన రాలేదు. పదహారేళ్ళు ఆ బండి మీద ఆమె కూర్చున్నది ఆసుపత్రికి, పుట్టింటికి, తిరునాళ్ళకు. షెడ్డుకు వెళ్ళింది మాత్రం లేబర్ కాంట్రాక్టరు ఆటోలోనే.

ఇక్కడ చట్టం ఏమంటుందో చూద్దాం. 1961 నాటి వరకట్న నిషేధ చట్టంలో 3వ సెక్షను గురించి మనం ఎప్పుడూ మాట్లాడతాం, ఇవ్వడమూ తీసుకోవడమూ నేరమని. 6వ సెక్షను గురించి అంతగా మాట్లాడం. కట్నంగా వచ్చిన ఆస్తి పెళ్ళికూతురు కాక ఇంకెవరి చేతికి వచ్చినా, పెళ్ళప్పుడు వచ్చినదైతే పెళ్ళినాటి నుంచి మూడు నెలల్లో ఆమెకు బదిలీ చేయాలి. అప్పటిదాకా దాన్ని ఆమె తరఫున కేవలం ధర్మకర్తగా పెట్టుకున్నట్టు. 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు స్త్రీధనం విషయంలో ఇదే చెప్పింది, భర్త దగ్గర ఉన్నంత మాత్రాన భర్తదైపోదని. అంటే ఆ బండి పెళ్ళయిన మూడు నెలల్లో ఆమె పేరున ఎక్కాల్సింది. కట్నపు బండ్లలో ఎన్ని అలా ఎక్కాయో మీ ఊళ్ళలో మీరే లెక్క తీయండి. మన సర్వేల్లో "మీ ఇంట్లో ద్విచక్ర వాహనం ఉందా" అని అడిగి ఉంది అని టిక్కు పెట్టుకుంటాం. ఎవరి పేరున, ఎవరు కొన్నది, ఎవరు నడుపుతారు అని మూడు గళ్ళు చేరిస్తే ఆ ఒక్క ప్రశ్నతో ఇంటి లోపల సగం తెలిసిపోతుంది.

రవాణా శాఖ కౌంటరు దగ్గర 6వ సెక్షను చెల్లదు, అక్కడ చూసేది ఆర్సీ మీద పేరు. ఆ పేరు గల మనిషి చనిపోతే ముప్పై రోజుల్లో తెలియజేయాలి, మూడు నెలల్లో ఫారం 31 మీద వారసుల పేరున మార్చుకోవాలి. హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం ఆయన మొదటి తరగతి వారసులు భార్య, ఇద్దరు కూతుళ్ళు, తల్లి. నలుగురికీ సమాన వాటాలు. తమ్ముడికి ఏమీ లేదు. వాకిట్లో కుర్చీ వేసుకుని నాతో బేరమాడిన మనిషికి ఆ బండిలో ఒక చువ్వ కూడా లేదు. లోపల మంచం మీదున్న ముసలమ్మకు పావు వాటా ఉంది, ఆ సంగతి ఆమెకూ తెలియదు.

బయానా వెనక్కి అడిగి తీసుకున్నాను. మరిదికి కోపం వచ్చింది. భాయ్‌కి కూడా కొంచెం చిరాకు వేసింది. నేను ఆమెతో అన్నాను: "ముందు బండి నీ పేరున ఎక్కిద్దాం. తర్వాత అమ్ముతావో ఉంచుకుంటావో నీ ఇష్టం. ఖర్చు నేను పెడతా, అమ్మితే అందులో తీసుకుంటా." ఆమె వెంటనే ఒప్పుకోలేదు. నాలుగు రోజుల తర్వాత ఫోన్ చేసి ముందు ఒక మాట అడిగింది: "అక్కా, నువ్వు గూడా మొదట మా మరిదితోనే ఎందుకు మాట్లాడినావ్?" దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

కాగితాల గురించి ఎక్కువ చెప్పను, మీరంతా ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్ళే. తహసీల్దారు ఆఫీసులో కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రం, ముసలమ్మ నుంచి అభ్యంతరం లేదని కాగితం, మూడు నెలల గడువు దాటినందుకు జరిమానా. ఒక కౌంటరులో "మగవాళ్ళెవరూ రాలేదామ్మా?" అని అడిగారు. బండి మగమనిషిదే, ఆయన పోయాడు కాబట్టే వచ్చామని ఆమె చెప్పింది. అయితే ఒక చిక్కు వచ్చిపడింది. పదిహేనేళ్ళు దాటిన బండికి అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. 1996 బండి కాబట్టి 2011లో, 2016లో ఆయన పొడిగించాడు. 2021ది పడలేదు. 2022 ఏప్రిల్ నుంచి ఆ రుసుము 300 నుంచి 1000 రూపాయలయింది కూడా. పొడిగించాలంటే ఇన్‌స్పెక్టరు ముందు బండి స్టార్టు కావాలి, బ్రేకు పడాలి, లైటు వెలగాలి. అంటే ముందు బండిని బతికించాలి. అప్పటికి అది నా బండి కాదు, ఆమెది. అందుకని నేను ఒక షరతు పెట్టాను: సెలవు దొరికినప్పుడల్లా ఆమె కూడా షెడ్డుకు రావాలి. భాయ్ తల గోక్కున్నాడు గానీ కాదనలేదు. ట్రాలీ ఆటోలో బండిని నెల్లూరు చేర్చాం.

టాంకులో పెట్రోలు వార్నీషులా చిక్కబడి ఉంది. అది వొంపేసి, కిరోసిను పోసి, ఒక పాత చైను ముక్క లోపల వేసి ఇద్దరం చెరోవైపు పట్టుకుని ఊపాం. మూడుసార్లు తుప్పు నీళ్ళే వచ్చాయి. ఈ బండికి ఇంజిన్‌కి, గేరుబాక్సుకి, క్లచ్ కేసుకి వేర్వేరు నూనెలు. మూడూ తీసి, కడిగి, కొత్తవి పోశాం. ఇదంతా బరువు పని, మురికి పని. ట్యూనింగు అనేది ఆ తర్వాత మొదలవుతుంది. అది బరువు పని కాదు. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఆడవాళ్ళు మెకానిక్కులు కాకపోవడానికి బలం లేకపోవడమే కారణమని మనకు చెప్తూ వచ్చారు.

పాయింట్ల సంగతి తీసుకోండి. ఇంజిను కుడివైపు ఒక చిన్న మూత తీస్తే లోపల రెండు లోహపు మొనలు ఆనుకుని ఉంటాయి. ఇంజిను తిరిగేటప్పుడు అవి విడిపోయిన క్షణంలోనే ప్లగ్గులో నిప్పురవ్వ పుడుతుంది. ఆ ఎడం 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. ఎక్కువైతే ఒక రోగం, తక్కువైతే ఇంకో రోగం. భాయ్ కంటితో చూసి బిగిస్తాడు. నేను పుస్తకం చదివిన మనిషిని కాబట్టి ఫీలర్ గేజ్ కొనుక్కున్నాను. రెండు మొనల మధ్య ఆ సన్నటి రేకు పెట్టి లాగితే కొంచెం పట్టుకుని వదలాలి. ఆ "కొంచెం" నాకు రెండు వారాలు చేతికి రాలేదు. ఆమెకు మూడోసారికే వచ్చింది. భాయ్ ఆశ్చర్యపోయాడు. నేను ఆశ్చర్యపోయి ఉండకూడదు, ఎందుకంటే నేనే నా పరిశోధనలో రాశాను: ఈమె చేతిలో రొయ్య పడితే ముప్పై కౌంటా నలభై కౌంటా చెప్పేస్తుంది, తూకం అక్కర్లేదు. ఇరవై ఏళ్ళుగా గంటకు కొన్ని వందల రొయ్యలను వేళ్ళతో కొలిచిన చెయ్యి అది. షెడ్డులో దాని పేరు పనితనం కాదు, అలవాటు. అలవాటుకు కిలో లెక్కన కూలి ఇస్తారు. అదే వేళ్ళు మెకానిక్ షెడ్డులో మగవాడికుంటే "హస్తవాసి" అంటారు.

టైమింగు పెట్టేటప్పుడు ఇంకో ముచ్చట. పిస్టను పైకొచ్చే దారిలో, చిట్టచివరికి చేరడానికి 0.8 మిల్లీమీటరు ముందు పాయింట్లు విడిపోవడం మొదలవ్వాలి. అది కంటికి కనబడదు. పాయింట్ల మధ్య సిగరెట్ పెట్టె మీదుండే సన్నటి గాజు కాగితం పెట్టి మెల్లగా లాగుతూ ఇంజిన్ను తిప్పుతారు. కాగితం జారిన చోటే టైమింగు. దానికోసం ఇద్దరం బంకుకు వెళ్ళి సిగరెట్ పెట్టె అడిగాం. బంకాయన మా ఇద్దరినీ కిందినుంచి పైదాకా చూసి, "ఎవరికమ్మా?" అన్నాడు. "బండికి" అందామె.

టాపెట్లు, కార్బురేటరు నేను వివరించను, షెడ్డులో నిలబడి చూస్తే గంటలో వచ్చేస్తాయి. ఇంజిను చల్లగా ఉన్నప్పుడు పుష్‌రాడ్ వేళ్ళతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. ప్లగ్గు తీసి చూస్తే కాఫీపొడి రంగులో ఉండాలి, మసి పట్టితే పెట్రోలు ఎక్కువ, తెల్లబారితే తక్కువ. అంతే. ఈ పనులు ఆడవాళ్ళకు కొత్త అనుకుంటే పొరపాటు. బియాట్రిస్ షిల్లింగ్ అనే ఇంగ్లీషు ఇంజినీరు 1934లో తను స్వయంగా ట్యూన్ చేసుకున్న నార్టన్ బండి మీద బ్రూక్‌లాండ్స్ ట్రాకులో గంటకు వంద మైళ్ళు దాటింది. 1941లో యుద్ధవిమానాల ఇంజిన్లు కిందికి దూకినప్పుడల్లా పెట్రోలు ముంచెత్తి ఆగిపోతుంటే, చిన్న బిళ్ళ ఒకటి అమర్చి ఆ ఇబ్బంది తగ్గించింది కూడా ఆవిడే. ఆ బిళ్ళకు మగవాళ్ళు పెట్టిన ఎకసెక్కపు పేరు ఇక్కడ చెప్పను.

2023 మే నెలలో బండి స్టార్టయింది. ఈ బండికి కిక్కు కొట్టడం ఒక విద్య. తాళం తిప్పి, కిక్కు మెల్లగా నొక్కుతూ అమ్మీటరు ముల్లు మధ్యకు వచ్చి గట్టిబడే చోటు పట్టుకోవాలి. డీకంప్రెషన్ మీట నొక్కి కాస్త కిందికి దించి, వదిలి, అప్పుడు బరువంతా వేసి తన్నాలి. తొందరపడితే అది తిరిగి తంతుంది. మొదటి కిక్కు నేను, రెండోది భాయ్, మూడోది ఆమె. మూడోదానికి అందుకుంది. ఆమె ఏమీ అనలేదు. చెప్పు తెగిపోతే చేత్తో పట్టుకుని అలాగే నిలబడి చాలాసేపు ఆ చప్పుడు విన్నది.

జూలైలో ఆర్సీ ఆమె పేరున వచ్చింది. అప్పుడు అమ్ముతావా అని అడిగాను. వారం ఆలోచిస్తానంది. ఆ వారంలో ఉంచుకుంటానంటుందేమో అని నాకు భయం వేసింది, ఉంచుకుంటే బాగుండునని కూడా అనిపించింది. ఆమె లెక్క వేరు. ఇంత పెట్రోలు తాగే బండి తనకెందుకు? కాగితాలు సరిగ్గా ఉన్న, తిరిగే బండికి 75 వేలు పలుకుతుందని భాయ్ చెప్పాడు. నేను పెట్టిన 13 వేలు తీసేస్తే 62 వేలు. ఈసారి కుర్చీ గడప లోపల వేసింది, బేరం ఆమే చేసింది, పైసా తగ్గలేదు. అందులో 15,500 అత్తగారి చేతిలో పెట్టింది. మరిది ఇప్పటికీ ఆమెతో మాట్లాడడు. ముసలమ్మ ఆ డబ్బులో సగం ఆయనకే ఇచ్చిందని తర్వాత తెలిసింది. అది ఆమె ఇష్టం, ఆమె వాటా.

చెప్పడం మర్చిపోయాను, 29, 30 ఫారాల మీద ఆమె నా ఎదురుగా సంతకం పెట్టింది, పదిహేను రోజుల్లో నా పేరున మార్పించుకోమని నన్ను రెండుసార్లు గుర్తుచేసింది. ఎందుకంటే అమ్మేశాం కదా అని వదిలేస్తే, ఆర్సీ మీద పేరున్నవాళ్ళే ప్రమాదం జరిగితే నష్టపరిహారం కట్టాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు గురించి నేనే ఆమెకు చెప్పాను. మొదటి రోజు దొంగ సంతకంతో ఆ బండి కొనుక్కుని, నేను ఎవరినైనా గుద్ది ఉంటే కేసు చనిపోయిన మనిషి మీదికి, ఆయన వారసుల మీదికి, అంటే ఈమె మీదికీ ఈమె పిల్లల మీదికీ వచ్చేది.

మిగిలిన డబ్బుకు కొంత కలిపి ఆమె పాత టీవీఎస్ ఎక్సెల్ కొనుక్కుంది. ఆ ఆర్సీ మొదటి రోజు నుంచీ ఆమె పేరునే. ఇందులో ఆత్మగౌరవం వగైరా మాటలకన్నా ముందు ఒక ఆర్థిక విషయం ఉంది. ఇన్నాళ్ళూ కాంట్రాక్టరు ఆటో ఏ షెడ్డుకు పోతే ఆమె ఆ షెడ్డులో, వాళ్ళిచ్చిన రేటుకు పనిచేసింది. ఆటో దిగాక రేటు తక్కువని తెలిసినా, తెల్లవారుజామున అక్కడినుంచి ఇంటికి నడిచిపోలేదు కదా. ఇప్పుడు ముందురోజు రాత్రి నాలుగు చోట్లకు ఫోన్ చేసి కనుక్కుని, రేటు బాగున్న చోటికి పోతుంది. వెనక ఇంకొకామెను ఎక్కించుకుంటుంది. కాంట్రాక్టరుకు ఇది నచ్చలేదు. రెండు షెడ్లలో ఆమెకు పని లేదన్నారు. మిగిలిన చోట్ల ఉంది, ప్రస్తుతానికి.

నేనూ ఇప్పుడు నాలుగింటికే షెడ్ల దగ్గర ఉంటున్నాను. నా థీసిస్‌లో రాసినవి కొన్ని తప్పని తేలాయి, వాటి గురించి ఇంకోసారి మాట్లాడతాను.

మొన్న ఆమె ఫోన్ చేసింది. పెద్దమ్మాయికి సంబంధం వచ్చిందట. పిల్లవాడు చెన్నైలో ఉద్యోగం. బండి అడుగుతున్నారట, బుల్లెట్టే, కొత్తది. "అక్కా, ఆర్సీ పిల్ల పేరున రాయించొచ్చు గదా?" అని అడిగింది. రాయించొచ్చు అన్నాను. కట్నం ఇవ్వడం కూడా నేరమే, ఇవ్వొద్దు, ఆ డబ్బుతో పిల్లను చదివించు అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"అది తర్వాత జూద్దాంలేక్కా. ముందు ఇది చెప్పు, లైసెన్సు గేర్లదే తీయించాల్నా?"